చెన్నై డిసెంబరు కచేరీలకు మొదటిసారి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కార్తీకమాసం వెళ్ళగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. చెన్నైలో కర్ణాటక సంగీత కచేరీలు వినాలని ఉంది, ఎప్పుడు వెళ్ళాలి, టిక్కెట్లు ఎక్కడ దొరుకుతాయి, సంగీతం రానివాళ్ళకు ఏమైనా అర్థమవుతుందా అని అడుగుతారు. ఇరవై ఏళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ కనీసం నాలుగు రోజులు అక్కడ గడుపుతున్నాను. అడిగినవారికి విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఈ కచేరీలు ఎప్పుడు జరుగుతాయి?

తమిళుల మార్గళి, మన ధనుర్మాసం ఒకటే. డిసెంబరు మధ్యలో మొదలై సంక్రాంతి దాకా ఉంటుంది. ఆ రోజుల్లో మైలాపూరు, ఆళ్వారుపేట, టి. నగర్, ట్రిప్లికేను ప్రాంతాల్లో పొద్దున మొదలుకొని రాత్రి పది దాకా ఎక్కడో ఒకచోట కచేరీ నడుస్తూనే ఉంటుంది. అక్కడ ‘సభ’ అంటే కచేరీలు ఏర్పాటు చేసే సంస్థ. కొన్ని సభలు నవంబరు చివరలోనే మొదలుపెడతాయి. మ్యూజిక్ అకాడమీ ఉత్సవం మాత్రం డిసెంబరు 15 ప్రాంతంలో మొదలై, జనవరి 1న జరిగే సదస్సుతో ముగుస్తుంది. ‘సంగీత కళానిధి’ బిరుదును ఆ సదస్సులోనే ఇస్తారు.

డిసెంబరే ఎందుకు?

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానితోపాటు అఖిల భారత సంగీత సమావేశం కూడా పెట్టారు. మద్రాసులో సంగీతానికి ఒక అకాడమీ ఉండాలన్న ఆలోచన అక్కడ బలపడి, మరుసటి ఏడు, 1928లో, మ్యూజిక్ అకాడమీగా రూపుదిద్దుకుంది. డిసెంబరులో ఏటా సమావేశాలు, వాటితోపాటు కచేరీలు జరపడం అలా అలవాటైంది. తక్కిన సభలు కూడా అదే నెల పట్టుకున్నాయి. చెన్నై వాతావరణం ఒంటికి హాయిగా ఉండేది కూడా ఆ నెలలోనే. ఈశాన్య రుతుపవనాలు పూర్తిగా వెనుదిరగవు కాబట్టి గొడుగు మాత్రం మరిచిపోకండి.

మాకు సంగీతం రాదు. రాగాలు గుర్తుపట్టలేము. వెళ్తే ఏమైనా అర్థమవుతుందా?

అందరూ అడిగేది ఇదే. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట, నేను వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక సాయంత్రం నా పక్క కుర్చీలో ఓ తమిళ పెద్దాయన కూర్చున్నారు. చేతిలో చిన్న నోటుపుస్తకం. గాయకుడు నోరు విప్పి రాగం ఆలపించగానే ఆయన ‘ఖరహరప్రియ’ అని రాసుకున్నారు. నాకు అది ఏ రాగమో తెలియలేదు. ఆలాపన ముగిసి పాట ఎత్తుకున్నారు: “చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల, ఓ మనసా.” నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా అమ్మ మాట అది! మేము అడ్డదారి తొక్కినప్పుడల్లా అమ్మ ఇంట్లో అనే మాట. పల్లవి రెండోసారి వస్తుండగా పెద్దాయన నా వైపు వంగి, ‘సందుల దూరనేల’ అంటే ఏమిటని మెల్లగా అడిగారు. విశాలమైన రాజవీధి ఎదురుగా ఉండగా ఇరుకు సందుల్లోకి వెళ్ళడమెందుకు అని చెప్పాను. ఆయన పెన్ను ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా ఈ పాట వింటున్నానని, అందులో ‘సందు’ అన్న మాట ఉందని ఇవాళే తెలిసిందని అన్నారు. ఆ తర్వాత ప్రతి పాటకూ ఆయన నాకు రాగం చెప్పారు, నేను ఆయనకు మాట చెప్పాను.

మీ దగ్గర భాష ఉంది. ఆ హాల్లో రాగజ్ఞానం ఉన్నవారు వందల మంది ఉంటారు. పాటలోని మాట చెవిన పడగానే మనసుకు తగిలేవారు అంతమంది ఉండరు. ముందు మాట పట్టుకోండి. రాగం దాని వెంట వస్తుంది. గాయకులు ఒకే పంక్తిని తీసుకుని పదే పదే, ప్రతిసారీ కొత్త తోవలో పాడడాన్ని నెరవల్ అంటారు. ఇదే కృతిలో చాలామంది “కంటికి సుందరతరమగు రూపమే” దగ్గర నెరవల్ చేస్తారు. భాష తెలియనివారికి అది స్వరాల అల్లిక. మీకు మాత్రం ‘కంటికి’ అన్నప్పుడల్లా ఒక మనిషి రాముణ్ణి చూస్తూ, చూపు చాలక మళ్ళీ మళ్ళీ చూస్తున్నట్టు ఉంటుంది. అది సంగీత పరిజ్ఞానం కాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

తమిళ నగరంలో ఇన్ని తెలుగు పాటలు ఎందుకు పాడతారు?

తంజావూరును నాయక రాజులు ఏలిన కాలంలో అక్కడ ఆస్థాన సాహిత్యం తెలుగులో సాగింది. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు స్వయంగా తెలుగు కవులు. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదిలిపెట్టలేదు. షాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆ వాతావరణంలో తిరువయ్యారులో జీవించిన త్యాగరాజు (1767–1847) ఇంటి భాష తెలుగు. ఆయన ఇంటిపేరు కాకర్ల. ఆయన కాలపు వాగ్గేయకారుల్లో శ్యామశాస్త్రి కృతులు కూడా ఎక్కువగా తెలుగులోనే ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితార్ ప్రధానంగా సంస్కృతంలో రచించారు. వర్ణాలు, పదాలు, జావళీలు అనే తక్కిన పాటల రకాలు తీసుకుంటే వాటిలోనూ తెలుగుదే పెద్ద వాటా.

దీనికి మరో వైపు కూడా ఉంది, అది తెలుసుకుని వెళ్ళడం మంచిది. కచేరీల్లో తమిళ పాటలకు తగిన చోటు లేదన్న బాధ 1940లలో తమిళ ఇసై ఉద్యమంగా మారింది. రాజా అణ్ణామలై చెట్టియార్ దానికి అండగా నిలిచారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. ఆ బాధ న్యాయమైనదే. తమ ఊళ్ళో తమ భాష వినాలని కోరుకోవడంలో తప్పేముంది? ఇవాళ పాపనాశం శివన్, గోపాలకృష్ణ భారతి పాటలు లేని సాయంత్రం అరుదు. వాటిని కూడా అంతే మనసు పెట్టి వినండి.

గాయకుల తెలుగు ఉచ్చారణ సరిగా ఉండదట కదా?

కొందరిది చాలా బాగుంటుంది, కొందరిది ఉండదు. మాట విరిచే చోటే ఎక్కువగా ఇబ్బంది వస్తుంది. ‘కొలువీయవయ్య’ అన్నదాన్ని ‘కొలు’ దగ్గర ఆపి ఊపిరి తీసుకుంటే కొలువు ఇవ్వమన్న విన్నపం రెండు ముక్కలవుతుంది. నాకు కూడా అప్పుడు చివుక్కుమంటుంది.

కానీ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. త్యాగరాజ కృతులను, సౌరాష్ట్రం ఇంటిభాషగా గల ఆయన వాలాజాపేట శిష్యులు రాసిపెట్టుకున్న ప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభలో భద్రంగా ఉన్నాయి. తెలుగు ఇంటిభాష కాని ఎన్నో కుటుంబాలు ఈ పాటలను నోటితో మోసుకొచ్చాయి. వాళ్ళు మోయకపోతే ఈ సాయంత్రం మన చెవిన పడేది ఏదీ మిగిలేది కాదు. అందుకే హాల్లో కూర్చుని పక్కవారితో ఉచ్చారణను వెక్కిరిస్తూ గుసగుసలాడడం నాకు నచ్చదు. చెప్పాలనిపిస్తే కచేరీ అయ్యాక, ప్రేమగా, గాయకులకే చెప్పండి.

ఒక్క సాయంత్రమే వీలవుతుంది. ఏ సభకు వెళ్ళాలి?

సభ పేరు చూసి కాదు, పాడేవారిని చూసి ఎంచుకోండి. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. టి.టి.కె. రోడ్డులోని మ్యూజిక్ అకాడమీ హాలు పెద్దది, ధ్వని బాగుంటుంది, ప్రముఖులందరూ అక్కడ పాడతారు. దానికి కొద్ది దూరంలో నారద గాన సభ ఉంది. టి. నగర్‌లో కృష్ణ గాన సభ, వాణీ మహల్ ఉన్నాయి. మైలాపూరులో రసిక రంజనీ సభ, భారతీయ విద్యాభవన్, మైలాపూరు ఫైన్ ఆర్ట్స్ క్లబ్బు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒకచోట కుదరకపోతే ఇంకోచోటికి పోవచ్చు.

మొదటిసారి వెళ్ళేవారికి నా సలహా చిన్న హాలు. నాలుగో వరుసలో కూర్చుంటే మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఏమి చేస్తాడో చూడవచ్చు. తడిపిన రవ్వ ముద్దను ఎడమ మూత మధ్యలో వేలితో అద్ది, అరచేత్తో ఒకసారి తట్టి, మళ్ళీ చిటికెడు తీసేస్తాడు. తర్వాత కుడివైపు అంచు మీద చిన్న రాతితో ఒక దెబ్బ వేసి, చెవి వంచి తంబురా శ్రుతితో కలిసిందో లేదో వింటాడు. ఇంకో దెబ్బ. గాయకుడు గొంతు విప్పకముందే కచేరీ మొదలైపోతుంది. పెద్ద హాలు బాల్కనీలోంచి ఇది కనిపించదు.

ఒక జాగ్రత్త: లౌడ్‌స్పీకరుకు సూటిగా ఎదురుగా కూర్చోకండి. ఒక ఏడాది ఒక సభలో మైకు ఎంత హెచ్చుగా పెట్టారంటే, ఘటం దెబ్బ చెవిలో మేకులా దిగింది. అంత మంచి కచేరీలో సగం కోల్పోయాను.

టిక్కెట్లు ఎలా?

పొద్దున, మధ్యాహ్నం జరిగే యువ కళాకారుల కచేరీలు చాలా సభల్లో ఉచితం. సాయంత్రం నాలుగు తర్వాత వాటికి టిక్కెట్టు ఉంటుంది. సీజను టిక్కెట్లు సభ్యులకు, పాత రసికులకు ముందే వెళ్ళిపోతాయి. మనలాంటి బయటివాళ్ళకు రోజువారీ టిక్కెట్లే గతి. కొన్ని ఇంటర్నెట్‌లో, కొన్ని సభ కౌంటరులో అమ్ముతారు. పేరున్న గాయకులకు ముందుగానే కొనండి. దొరకకపోతే బెంగ పెట్టుకోకండి. మధ్యాహ్నం ఒంటిగంట కచేరీలో ఖాళీ కుర్చీల ముందు ప్రాణం పెట్టి పాడే పాతికేళ్ళ అమ్మాయిని వినండి. నేను ఇవాళ వెతుక్కుని వెళ్ళే గాయకుల్లో సగం మందిని అలాగే మొదట విన్నాను.

కచేరీ ఎంతసేపు ఉంటుంది? ఏ వరుసలో సాగుతుంది?

సాయంత్రం కచేరీ రెండు నుంచి రెండున్నర గంటలు. ఇప్పుడు మనం వినే క్రమాన్ని అరియకుడి రామానుజ అయ్యంగారు (1890–1967) తీర్చిదిద్దారని చెబుతారు. మొదట వర్ణం, గొంతు సిద్ధం కావడానికి. తర్వాత ఒకటి రెండు చిన్న కృతులు, చాలాసార్లు వినాయకుడి మీద. ఆపై కొంచెం రాగాలాపనతో ఒకటి, వేగంగా సాగే కృతి ఒకటి. అప్పుడు ప్రధానాంశం: దీర్ఘమైన రాగాలాపన, వెంట వయొలిన్ మీద అదే రాగం, కృతి, నెరవల్, కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), చివర తని ఆవర్తనం (తాళవాద్యాల సొంత వంతు). ఇదొక్కటే ముప్పావు గంట, ఒక్కోసారి గంట. కొందరు రాగం తానం పల్లవి (ఆలాపన, తానం తర్వాత ఒకే పంక్తిని విస్తరించే పెద్ద అంశం) కూడా పాడతారు. ఆ తర్వాత తుక్కడాలు, అంటే చిన్న చిన్న పాటలు: పదం, జావళి, అన్నమాచార్య సంకీర్తన, తిల్లానా. చివరికి మంగళం. సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజు మంగళం పాడితే మీరు కూడా గొంతు కలుపుతారు. మన ఇళ్ళల్లో హారతి పళ్ళెం ముందు పాడుకునేది అదే.

తాళం వేయడం నేర్చుకోవచ్చా?

ఆదితాళం ఐదు నిమిషాల్లో వస్తుంది. కుడి అరచేత్తో తొడ మీద ఒక తట్టు, ఆ తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. అవి నాలుగు. మళ్ళీ తట్టు, అరచెయ్యి తిప్పి ఒక విసురు. ఇంకోసారి తట్టు, విసురు. మొత్తం ఎనిమిది. ముందు వరుసలోవాళ్ళను చూస్తూ వేయండి, తప్పితే ఆపి మళ్ళీ తట్టు దగ్గర అందుకోండి. కాకపోతే చప్పుడు రాకూడదు. పక్కవారి చెవికి మీ తొడ మీది దెబ్బ వినిపిస్తే అది మృదంగానికి అడ్డు.

తని ఆవర్తనంలో లేచి బయటికి వెళ్ళవచ్చా?

దయచేసి వెళ్ళకండి. గాయకుడు ఆగి, మృదంగానికి, ఘటానికి లేదా కంజీరకు వేదిక వదిలేసే పది పదిహేను నిమిషాలవి. అంతసేపూ పాటకు నీడలా నడిచిన మనుషులకు దొరికే సొంత సమయం అదొక్కటే. సరిగ్గా అప్పుడే హాల్లో సగం మంది కాఫీకి లేస్తారు. వందలమంది వీపులు తిప్పుకుని వెళ్తుంటే, కళ్ళు వాల్చి లెక్క తప్పకుండా వాయిస్తున్న ఘట విద్వాంసుణ్ణి ఒకసారి ముందు వరుస నుంచి చూశాను. ఆ తర్వాత నేనెప్పుడూ తనిలో లేవలేదు. తాళం వేస్తూ కూర్చోండి. చివర ఇద్దరూ కలిసి మోహరా, కోర్వై అనే లెక్క కట్టిన ముగింపులు వాయించి పల్లవి ఎత్తుగడకు సరిగ్గా వచ్చి కలిసినప్పుడు, వేళ్ళ మీద లెక్క పెట్టినవాడికి కలిగే సంతోషం కాఫీలో లేదు.

మరి ఆ కాఫీ సంగతి?

సభ కాంటీన్లు చెన్నైలో ఒక ఆచారం. వంటవాళ్ళు ఆ నెల కోసం ప్రత్యేకంగా పెడతారు. అరిటాకు భోజనం, రవ్వ దోసె, కీరై (ఆకుకూర) వడ, ఫిల్టరు కాఫీ. ఏ సభలో ఏ వంటవారు అన్నది పాడేవారి పేర్లంత శ్రద్ధగా మాట్లాడుకుంటారు. సాయంత్రం నాలుగింటి కచేరీ అయ్యాక, రాత్రి కచేరీ మొదలయ్యేలోపు తినేయండి. కచేరీ వినకపోయినా కాంటీనుకు మాత్రం వచ్చి తిని వెళ్ళవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు.

ఏ బట్టలు వేసుకోవాలి?

శుభ్రమైనవి. పట్టుచీరలు చాలా కనిపిస్తాయి, నూలు చొక్కాలు కూడా. ఏసీ గట్టిగా పెడతారు కాబట్టి పెద్దవాళ్ళకు శాలువా తీసుకెళ్ళండి.

పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా? ఫోనులో రికార్డు చేసుకోవచ్చా?

ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఒక గంట హాయిగా కూర్చుంటారు. చివరి వరుసలో, ద్వారం పక్కన కూర్చోబెట్టండి. వయొలిన్ ఏది, కంజీర ఏది చూపిస్తే చాలు. రికార్డింగుకు, ఫోటోలకు చాలా సభలు ఒప్పుకోవు. ఫోను పూర్తిగా ఆపేయండి. ఆలాపనలో మంద్రస్థాయి దగ్గర గాయని నిలిచి ఉన్న క్షణంలో ఫోను మోగితే, ఆ పోగు మళ్ళీ అతకడం ఆమెకు కూడా సాధ్యం కాదు.

తెలుగు కళాకారులు అక్కడ ఉన్నారా?

లేకేం! ద్వారం వెంకటస్వామినాయుడు గారికి 1941లో, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారికి 1978లో, శ్రీపాద పినాకపాణి గారికి 1983లో, నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో సంగీత కళానిధి వచ్చింది. నాదస్వరానికి ఆ బిరుదు అందుకున్న షేక్ చినమౌలానా గారు ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఇప్పుడు కూడా విజయవాడ, విశాఖ, హైదరాబాదు నుంచి వచ్చే యువకులు మధ్యాహ్నపు కచేరీల జాబితాలో కనిపిస్తారు. వాళ్ళ కచేరీకి మీరు వెళ్ళి కూర్చుంటే, వేదిక మీద నుంచి మీ ముఖం చూసి పాడతారు.

ఎలా చేరుకోవాలి?

విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్ళు చాలావరకు సెంట్రల్‌కు చేరతాయి. ఎదురుగా ఉన్న పార్క్ టౌన్‌లో లోకల్ రైలు ఎక్కి తిరుమయిలైలో దిగితే మైలాపూరు. అకాడమీ వైపు వెళ్ళేవారు మెట్రోలో ఏజీ–డీఎంఎస్ దగ్గర దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. కొత్త మెట్రో పనులు సాగినంతకాలం ఆ దారుల్లో రద్దీ ఎక్కువ, అరగంట ముందే బయలుదేరండి. బస మైలాపూరులో దొరికితే తెల్లవారుజామున లేవండి. కపాలీశ్వరాలయం చుట్టూ మాడవీధుల్లో భజనలు పాడుకుంటూ వెళ్తారు. పాపనాశం శివన్ ఆ వీధుల్లో అలా నడిపించినవారే.

మేము విదేశాల్లో ఉన్నాము. మాకు దగ్గరలో ఏమైనా ఉందా?

అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది, వసంతకాలంలో. ఇక చెన్నై సభలు కొన్ని తమ కచేరీలను ఇంటర్నెట్‌లో టిక్కెట్టు మీద చూపిస్తున్నాయి. ఇంట్లో విన్నా, దీపాలు తగ్గించి, మధ్యలో లేవకుండా వినండి.

కచేరీ అయ్యాక కళాకారులతో మాట్లాడవచ్చా?

తప్పకుండా. తెర పడ్డాక వేదిక పక్కన ఐదు పది నిమిషాలు ఉంటారు. పక్కవాద్యాలవారిని కూడా పలకరించండి, వాళ్ళ దగ్గరికి వెళ్ళేవారు తక్కువ. “బాగుంది” అని ఊరుకోకుండా, ఏ పాటలో ఏ చోటు మీకు నచ్చిందో చెప్పండి.

కిందటి ఏడు ఒక అమ్మాయి పాడిన “నిధి చాల సుఖమా” విని వెళ్ళి, ‘మమత బంధన’ దగ్గర నెరవల్ చేసినప్పుడు కళ్ళు చెమర్చాయని చెప్పాను. ఆమె చేతులు జోడించి, మీరు తెలుగువారా అండీ అని అడిగింది. అవునమ్మా అన్నాను. అయితే ‘చాల’లో ‘చ’ ఎలా పలకాలో ఒక్కసారి చెప్పండి, మా గురువుగారు అది వేరే ‘చ’ అంటారు, నాకు అందడం లేదు అంది. నాలుక కొసను పళ్ళ వెనక ఆనించి పలికి చూపించాను. ‘చాప’, ‘చుక్క’, ‘చోటు’ అన్నీ అలాగే, ‘చిలుక’, ‘చేయి’ మాత్రం మామూలు ‘చ’ అని చెప్పాను. తంబురాకు గవుసెన తొడుగుతూనే పలికింది. మొదటిసారి ‘స’ వచ్చింది, రెండోసారి పాత ‘చ’ వచ్చింది. ఆటో దాకా పలుకుతూనే నడిచింది. ఆటో ఎక్కి కూర్చున్నాక తల బయటపెట్టి, “చాల” అంది. సరిగ్గా పలికింది.